బోసిమెడ

జ్వరం మూడు రోజులు కాసి నాలుగోనాటి పొద్దునకు దిగిపోయింది. ఒళ్లు చల్లబడింది కదా అని సత్తమ్మ సంబరపడి, నాలుగేళ్ల కూతురు ఎస్తేరును మంచం మీంచి దించి, "లే బిడ్డా, మొఖం కడుక్కుందాం" అంది. పిల్ల ఎడమకాలు నేలకు ఆనింది. కుడికాలు తడిబట్టలా మడతపడింది. పిల్ల కూలబడింది. నిద్రమత్తు అనుకుని సత్తమ్మ మళ్లీ నిలబెట్టింది. మళ్లీ పడింది. మూడోసారి పడ్డాక ఎస్తేరు ఏడవలేదు. ఆ కాలు ఎవరిదో అన్నట్టు దాని వంక చూసింది. ఆ చూపు చూసి సత్తమ్మ పెట్టిన కేకకు లైన్లలోని ఆడవాళ్లంతా పనులు విడిచి వచ్చారు.

బెల్లంపల్లిలో బొగ్గుబాయి పనివాళ్లు ఉండే లేబర్ లైన్లవి. ఆంధ్రప్రదేశ్ అయి ఐదేళ్లు దాటింది. సత్తమ్మ మొగుడు ముత్తయ్య బాయిలో దిగి బొగ్గు నింపే పని చేస్తాడు. పెళ్లైన ఏడాదే ఇద్దరూ సుల్తానాబాద్ పక్క ఊరు విడిచి ఇక్కడికి వచ్చారు. ఎస్తేరుకు ముందు ఇద్దరు పుట్టారు. ఒకరు పురిట్లోనే పోయారు, ఒకరు ఏడాది నిండకుండా పోయారు. దక్కింది ఈ ఒక్కతే.

దవాఖానలో డాక్టరు కాలు అటూ ఇటూ తిప్పి చూశాడు. చిన్న సుత్తితో మోకాలి మీద కొట్టాడు. కాలు ఉలకలేదు.

"దీన్ని పోలియో అంటరు. దీనికి మందు లేదమ్మా. కానీ నెల దాటకముందే మళ్ల తీసుకరా. వేడిగుడ్డలతోని కాపడం పెట్టుడు, కాలు సాపుడు మా నర్సమ్మ నేర్పిస్తది. మోకాలు ముడుచుకపోకుండ చూసుకోవాలె. ఇంటున్నవా?"

సత్తమ్మ తల ఊపింది. ఆమె చెవికి ఎక్కింది మాత్రం ఒక్క మాటే. మందు లేదు.

వాళ్లది పాత మిషను గుడి. ఆ గుడి అయ్యగారు నెలకోసారి సైకిలు మీద వస్తాడు. వచ్చి, పిల్ల తల మీద చెయ్యి పెట్టి, ప్రార్థన చేసి, దేవుని చిత్తం అని వెళ్లిపోయాడు. ఆ మాట విన్నాక సత్తమ్మ అన్నం తినడం మానేసింది. తన బిడ్డ కుంటిది కావడం దేవుని చిత్తమైతే ఇక ఎవరికి మొర పెట్టుకోవాలి?

అప్పుడు పక్కింటి శంకరవ్వ చెప్పింది. "మా సంఘానికి రా సత్తమ్మా. మా అయ్యగారు దేవునితోని కొట్లాడి తెస్తడు."

కొత్త సంఘం రైలుపట్టాల పక్కన రేకుల షెడ్డులో కూడేది. ఆడవాళ్లంతా తెల్లచీరల్లో, తలల మీద కొంగులతో, పొలంలో వాలిన కొంగల్లా వరసగా కూర్చుని ఉన్నారు. ఒక్క చేతికి గాజు లేదు, ఒక్క చెవికి కమ్మ లేదు. సత్తమ్మకు మొదట భయమేసింది. ఎవరో పోయిన ఇంటికి వచ్చినట్టుంది అనుకుంది. అంతలో జీవరత్నం అయ్యగారు లేచి వచ్చాడు. కృష్ణా జిల్లా మనిషి. సన్నగా, ఉపవాసాలతో లోపలికి పోయిన దవడలతో ఉన్నాడు. వచ్చి, ఎస్తేరును ఒళ్లోకి తీసుకుని, చచ్చుబడిన కాలిని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు. చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

తన బిడ్డ కోసం బయటివాడు ఏడవడం సత్తమ్మ అదే మొదటిసారి చూడడం. ఆ క్షణానే ఆ మనిషి ఏం చెప్పినా చేస్తానని ఆమె మనసులో నిశ్చయం అయిపోయింది.

"దేవుడికి ఒక కాలు ఎంతమ్మా?" అన్నాడు ఆయన. "కానీ పులుపు అంటుకున్న గిన్నెలో పాలు పోస్తే ఏమవుతుంది? విరిగిపోతాయి. పాల తప్పు కాదు, గిన్నె తప్పు. లోకం నీ ఒంటి మీద ఉంది తల్లీ. దాన్ని దించుకో. మందుల మీదా మనుషుల మీదా ఆనుకోకు. ఆయన మీదే ఆనుకో."

ఇంటికి వస్తూనే సత్తమ్మ సబ్బునీళ్లతో గాజులు తీసింది. పగలనివ్వకుండా ఒక్కొక్కటే జార్చి శంకరవ్వ చేతిలో పెట్టింది. తెల్లారి పిల్లకు నీళ్లు పోస్తుంటే కుడికాలి బొటనవేలు కదిలింది. కదిలినట్టు చూసిందో, చూశాననుకుందో ఆమెకే తెలియదు. మోకాళ్ల మీద కూలబడి నేలకు తల కొట్టుకుంటూ స్తోత్రాలు చెప్పింది.

ఆ వేలు మళ్లీ కదలలేదు. తాను ఇచ్చింది చాలలేదనుకుంది. ముక్కుపుల్ల తీసింది. చెవులకున్న కమ్మలు తీసింది. కాలివేళ్ల మట్టెలు రాక చర్మం ఒరుసుకుపోతే, నూనె రాసి లాగి తీసింది. రంగుచీరలు మూడు ఉండేవి. మూడూ మూటగట్టి అయ్యగారి పాదాల దగ్గర పెట్టింది. సంఘం వాళ్లు రెండు తెల్లచీరలు ఇచ్చారు. ప్రతి ఆదివారం ఒకటి ఇస్తూ, ప్రతి సోమవారం పొద్దున్నే పిల్ల కాలు పట్టుకుని కూర్చునేది. కాలు చల్లగా ఉండేది. రోజురోజుకూ సన్నబడుతుండేది.

దవాఖాన నర్సు రెండుసార్లు మనిషిని పంపింది. సత్తమ్మ తలుపు తీయలేదు.

కబురు తెలిసి ముత్తయ్య తల్లి ఐలవ్వ ఊరి నుంచి వచ్చింది. కోడలిని చూసి గడపలోనే నిలబడిపోయింది. పచ్చటి మనిషి, కళకళలాడే మనిషి, తెల్లగుడ్డలో ఇంత అయిపోయి ఉంది.

"ఇదేం వేషమే పిల్లా?"

"వేషం కాదత్తా. పవిత్రత."

ఐలవ్వ చేతిసంచి కింద పెట్టి, కాళ్లు చాపుకుని కూర్చుంది. తర్వాత చెప్పింది. "నా చిన్నప్పుడు దొర గడి బంగ్ల ముందుకెల్లి పోతే మన ఆడోల్లు రైక తొడుగద్దు, చీర మోకాళ్లకు దిగద్దు, కాళ్లకు కడియాలు పెట్టద్దు. పెడితే దొర జీతగాల్లు గుంజి తీసేటోల్లు. నాకు బాప్తిస్మం ఇచ్చిననాడు మిషను దొరసాని తన చేతులతోని నాకు రైక తొడిగింది. 'నువ్వు దేవుని బిడ్డవు, నిండుగ కట్టుకో' అన్నది. గా రైక తొడుక్కొని గడి ముందుకెల్లి నడిచిన. కొట్టిన్రు. మల్ల నడిచిన. నాడు దొర తియ్యుమన్నడు. గిప్పుడు దేవుని పేరు మీద గీ కొత్త అయ్యగారు తియ్యుమంటుండు. ఎవడొచ్చినా మన ఒంటి మీదియే తియ్యుమంటడేందే?"

సత్తమ్మ పిల్లను ఒళ్లోకి లాక్కుంది. "నా బిడ్డకు కాలొస్తదంటే నా తోలు తియ్యుమన్నా తీసిస్త అత్తా" అంది.

ఐలవ్వ కోడలి మొహంలోకి చూసింది. ఆ కళ్లు చూశాక వాదించడం దండగ అని ఆమెకు అర్థమైంది. రెండు రోజులు మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ ఊరికి పోయింది.

ఇక మిగిలింది పుస్తెలతాడు. జీవరత్నం నేరుగా అడగలేదు. ఒక ఆదివారం వాక్యం చెబుతూ అన్నాడు. "కొందరికి తాడు మీద ఉన్న నమ్మకం రక్షకుడి మీద ఉండదు. ఆ తాడే తమ మొగుణ్ణి కాపాడుతోందనుకుంటారు. అది విగ్రహం కాదా? మెడలో విగ్రహం వేలాడదీసుకుని దేవుణ్ణి కాలు అడుగుతారు!" ఆయన ఎవరి వైపూ చూడలేదు. కానీ షెడ్డులోని తెల్లకొంగులన్నీ తన వైపే తిరిగినట్టు సత్తమ్మకు అనిపించింది. ఆమె మెడలో తప్ప అక్కడ ఇంకెవరి మెడలోనూ తాడు లేదు.

రెండు వారాలు కొట్టుమిట్టాడింది. ముత్తయ్యను అడిగే ధైర్యం లేదు. అడగకుండా తీసే ధైర్యమూ లేదు. రెండో వారం ఆఖరున పిల్లను పడుకోబెడుతూ రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూసింది. కుడికాలి పిక్క ఆమె గుప్పిట్లో పట్టింది. తెల్లారి ముత్తయ్య మొదటి షిఫ్టుకు పోగానే తాడు తీసి, కొంగున ముడేసుకుని, షెడ్డుకు పోయి ఇచ్చివచ్చింది.

మధ్యాహ్నం ముత్తయ్య వచ్చాడు. బొగ్గుమసితో పళ్లు, కళ్లు తప్ప ఏమీ కనబడవు. ఆమె వేడినీళ్ల గంగాళం ముందు పెట్టి చెంబు అందివ్వబోయింది. కొంగు జారింది. ముత్తయ్య చెయ్యి చెంబు దగ్గరే ఆగిపోయింది.

"తాడేది?"

"తీసిన."

"తెగిందా?"

"తెగలే. తీసిన. అయ్యగారికిచ్చిన."

ముత్తయ్య కొట్టే మనిషి కాదు. అరిచే మనిషీ కాదు. స్నానపు బండ మీద కూర్చుండిపోయాడు.

"సత్తీ, బాయిల ఎట్లుంటదో నీకెరుకేనా? దీపం పట్టుకొని నిలబడ్డప్పుడు పైన కప్పు కటకటమంటది. పక్కోడు ఏమన్నడో ఇనబడది. గప్పుడు నాకు దేవుడు యాదికి రాడు. నిజం చెప్తున్న, రాడు. నా పెండ్లాం మెడల నేను కట్టింది ఉన్నది, నాకేం గాదు అనుకుంట. గదొక్కటే నా ధైర్నం. గది నువ్వు నన్నడగకుండ తీసినవ్."

"బిడ్డ కాలు కోసమయ్యా."

"నేను సస్తే బిడ్డకు కాలొస్తదా?"

"గట్లనకు!"

"మరెట్లనాలె? చెప్పు, ఎట్లనాలె?"

నీళ్లు చల్లారిపోయాయి. ముత్తయ్య స్నానం చెయ్యకుండానే లేచి, మసి ఒంటితోనే బయటికి నడిచాడు. ఆ రోజు నుంచి తోటి పనివాడు సాంబయ్య ఇంట్లో ఉండిపోయాడు. సాయంత్రం పూట వచ్చి పిల్లను ఎత్తుకుని తిప్పేవాడు. సత్తమ్మ ఎదురైతే తల పక్కకు తిప్పుకునేవాడు. ఆమె మీద కోపంతో కాదు. ఆ మెడ చూడలేక.

మాట లైన్లన్నీ పాకింది. లైన్లలో ఆ సంఘానికి పోయే ఇంకో ఆడది శంకరవ్వ ఒక్కతే; మొగుడు పోయిన ఆమె షిఫ్టు వేళకు గడప దాటదు. బాయికి పోయే మగవాళ్లకు ఎదురుగా తెల్లచీర, బోసిమెడ కనబడితే ఇంకేమన్నా ఉందా? ఆడవాళ్లు ముందు మెల్లగా చెప్పారు, తర్వాత గట్టిగానే చెప్పారు. "మా మొగోల్లు పొయ్యేదాక బయటికి రాకు తల్లీ, నీకు దండం పెడుతం." షిఫ్టు కూత కూసి, మగవాళ్ల అడుగుల చప్పుడు దాటిపోయేదాకా సత్తమ్మ తలుపు వేసుకుని కూర్చునేది. ఆమె నల్లా దగ్గరికి పోయేసరికి నీళ్లు సన్నబడి ఉండేవి. బిందె సగం నిండేది. ఆ సగం బిందె మోసుకొస్తూ, ఇది కూడా నువ్వే చూస్తున్నవ్ గద ప్రభువా, ఇది కూడా లెక్కలేసుకో అనుకునేది.

ఇక ఆమె ఒంటి మీద తియ్యడానికి ఏమీ లేదు. అప్పుడు జీవరత్నం నలభై రోజుల ఉపవాస ప్రార్థన పెట్టాడు. ఆమెతో పాటు ఆయనా పస్తున్నాడు. పగలు నీళ్లు కూడా ముట్టేవాడు కాదు. మొదటి రోజున పిల్లను దగ్గరికి తీసుకుని మెడలోని నల్లపూసలు చూపించాడు. "ఇది దిష్టికి కట్టిందేనా? దిష్టిని నమ్మేవాళ్లకి దేవుడెలా కనబడతాడు?" సత్తమ్మ పూసలు తెంపేసింది. ఎడమకాలి వెండి గజ్జె విప్పింది. ఆయన కళ్లు పిల్ల గౌను మీద ఆగాయి. ఎర్రటి గౌను. మీద పసుపు పువ్వులు. ముత్తయ్య మంచిర్యాల నుంచి తెచ్చింది. జ్వరం రాకముందు దాన్ని తొడుక్కుని ఎస్తేరు లైన్లన్నీ పరుగులు పెట్టేది.

"పసిబిడ్డే. అయినా దేవుడికి ప్రతిష్ఠించామంటే ప్రతిష్ఠించినట్టే" అన్నాడు ఆయన, మెత్తగా.

సత్తమ్మ తన తెల్లచీర కొంగు చింపి పిల్లకు గౌను కుట్టింది. ఎస్తేరు దాన్ని తొడగనివ్వలేదు. చేతులతో కొట్టింది, కొరికింది. "నా గౌనేది? నా ఎర్రది గావాలె!" అని సొమ్మసిల్లేదాకా ఏడ్చింది.

"ఎర్ర గౌను కాల్చేసిన అయ్యగారూ" అని సత్తమ్మ మర్నాడు చెప్పింది. కాల్చలేదు. జొన్నల కుండలో అడుగున దాచింది. ఎందుకు దాచిందో ఆమెకు తెలియదు. తన ఒంటి మీదివి ఇచ్చినప్పుడు రాని దుఃఖం దాన్ని ముట్టుకుంటే వచ్చింది. అంతే.

నలభయ్యో రోజు ఆదివారం పడింది. షెడ్డు నిండిపోయింది. బయట కూడా జనం నిలబడ్డారు. పాటలు, చప్పట్లు, కన్నీళ్లు. జీవరత్నం ఎస్తేరును ఎత్తుకుని జనం నడుమకు తెచ్చాడు. నలభై రోజుల పస్తుకు ఆయన మొహం వెలిసిన గుడ్డలా ఉంది. కళ్లు మాత్రం వెలుగుతున్నాయి. ఆయన నమ్మాడు. అక్కడున్న అందరికంటే ఎక్కువగా ఆయనే నమ్మాడు.

"నడువమ్మా ఎస్తేరూ! యేసు నామంలో నడువు!"

పిల్లను నేల మీద నిలబెట్టి చేతులు వదిలేశాడు.

ఎస్తేరు తల్లి వైపు చూసింది. తల్లి చేతులు చాచి ఉంది. పిల్ల తల్లి కోసం ముందుకు అడుగేసింది. కాలు మడతపడింది. చేతులు అడ్డం పెట్టుకునే వ్యవధి లేక బోర్లా పడింది. పంటికింద పెదవి చిట్లి, తెల్లగౌను ముందరంతా నెత్తురైంది.

పాట ఆగిపోయింది. పిల్ల ఏడుపు ఒక్కటే. జీవరత్నం సత్తమ్మ వైపు తిరిగి, బతిమాలుతున్నట్టుగా అన్నాడు. "తల్లీ, ఇంకా ఏదో దాచావు. ఏం దాచావో చెప్పు. దేవుడు అబద్ధమాడడు."

సత్తమ్మకు జొన్నల కుండ గుర్తొచ్చింది. దాచింది. నిజంగానే దాచింది. దైవజనుడితో అబద్ధం చెప్పింది. బిడ్డ కాలు దేవుడు ఇవ్వక కాదు, తాను అడ్డం పడి ఆపింది. పిల్లను చంకనేసుకుని, ఎవరు పిలుస్తున్నా ఆగకుండా ఇంటి దాకా పరుగెత్తింది. పిల్లను మూల కూర్చోబెట్టి, జొన్నల కుండ బోర్లించింది. గౌను తీసి పొయ్యి ముందు కూర్చుని నిప్పు రాజేసింది.

"అవ్వా, నా గౌను!" ఎస్తేరు ఏడుపు ఆపేసింది. నెత్తురు పెదవితో నవ్వింది. తల్లి తన కోసమే తీసిందనుకుంది. రెండు చేతుల మీద ఒళ్లు ఈడ్చుకుంటూ, జొన్నల మీదుగా పాకుతూ వచ్చింది. "నాకు తొడుగవ్వా."

"దూరం పో!" అని సత్తమ్మ అరిచింది. పిల్ల గౌను అంచు పట్టుకుంది. ఒకవైపు తల్లి, ఒకవైపు బిడ్డ. సత్తమ్మ గుంజింది. పిల్ల వదల్లేదు. సత్తమ్మ చెయ్యి లేచింది. కొట్టబోయింది. పుట్టినప్పటి నుంచి ఒక్క దెబ్బ వెయ్యని బిడ్డను కొట్టబోయింది.

వెనక నుంచి ఎవరో ఆ చెయ్యి పట్టుకున్నారు.

షెడ్డు నుంచి వెంటే వచ్చిన జీవరత్నం భార్య సుగుణమ్మ. సంఘంలో అమ్మగారు అంటారు. ముందు వరసలో కూర్చుని, పెదవి కదలకుండా పాడే మనిషి. ఆమెను ఇంత దగ్గరగా సత్తమ్మ ఎప్పుడూ చూడలేదు. ఆమె గౌనును మెల్లగా తల్లి చేతిలోంచి విడిపించి పిల్ల చేతికిచ్చింది. పొయ్యిలోని పుల్లలు వెనక్కి లాగి, నీళ్లు చల్లింది. అప్పుడు కింద కూర్చుంది.

"నేను దాచినా అమ్మగారూ" అని సత్తమ్మ ఆమె కాళ్లు పట్టుకుంది. "నేనే బిడ్డ కాలు ఆపినా. గిది కాలిస్తే అయిపోతుండె."

"అవదు" అంది సుగుణమ్మ.

సత్తమ్మ తలెత్తింది.

"మాకు ఒక పిల్లాడుండేవాడు. రెండేళ్లు. జ్వరం వచ్చింది. మందు వద్దన్నారు ఆయన. ప్రార్థన చేశాం. తొమ్మిదో రోజు పోయాడు. పాతిపెట్టి వచ్చాక ఆయన నన్ను ఇదే మాట అడిగారు. ఏం దాచావు సుగుణా, అని." ఆమె ఏడవడం లేదు. ఎన్నో ఏళ్లుగా అరగదీసిన మాటల్లా చెబుతోంది. "నేను వెతుక్కున్నాను. పెట్టెలో వెతికాను, మనసులో వెతికాను. ఎప్పుడో చిన్నప్పుడు దొంగిలించిన జామకాయ దాకా వెతికాను. ఆరేళ్లయింది. ఇంకా వెతుకుతూనే ఉన్నాను. ఏమీ లేదు సత్తమ్మా. ఇవ్వాల్సిందంతా ఇచ్చేశాను. నువ్వూ ఇచ్చేశావు. ఆయన కూడా ఇచ్చేశారు. ఆయన తనలో కూడా వెతుక్కుంటున్నారు, అందుకే అంత ఏడుస్తారు."

"మరి దేవుడు?"

సుగుణమ్మ పిల్ల పెదవి మీది నెత్తురు కొంగుతో తుడిచింది. "నాకు తెలీదు. నాకు తెలిసింది ఒక్కటే. పిల్ల గౌను మీద పగబట్టే దేవుణ్ణి నేనెరగను." లేచి కొంగు తల మీదికి లాక్కుంది. "పిల్లని దవాఖానకి తీసుకెళ్లు. ఇవాళే వెళ్లు. నేను చెప్పానని మాత్రం మా ఆయనతో అనకు. నాకు ఆయనా, ఆయనకి నేనూ తప్ప ఇంకెవరూ లేరు."

దవాఖానలో నర్సు పిల్ల మోకాలు సాచబోయింది. సాగలేదు. విల్లులా వంగి బిగుసుకుపోయి ఉంది. ఎస్తేరు కెవ్వుమంది.

"నెల లోపల రమ్మన్నం గద! నాలుగు నెలలైంది. మనిషిని పంపితే తలుపు తియ్యకపోతివి. ఏం జేసినవ్ నాలుగు నెలలు?"

ఏం చేసింది? ఆ ప్రశ్నకు సత్తమ్మ దగ్గర ఉన్న జవాబంతా ఆమె ఒంటి మీదే ఉంది. నర్సు ఆ తెల్లచీర, ఆ మెడ చూసి గొంతు తగ్గించింది. "మొగడు ఎన్నడు పోయిండు?"

"పోలే. బాయి పనికి పోయిండు" అంది సత్తమ్మ. అని, ఆ వరండాలోనే, అందరూ చూస్తుండగా గోడకు తల ఆన్చి ఏడ్చింది. తీసినవాటి కోసం కాదు. ఆ నాలుగు నెలల కోసం. అవి మాత్రం ఎవరూ తిరిగివ్వలేరు.

డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. కాలు మునుపటిలా కాదు. మోకాలు గనక చక్కగా సాగితే ఇనుపకడ్డీల బూటు వేసి, కర్ర పట్టుకుని నడిపించొచ్చు. సాగకపోతే అదీ లేదు. రోజుకు రెండుసార్లు వేడిగుడ్డలు చుట్టి, మోకాలు వంచి, సాచాలి. ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు పిల్ల భుజాలు పట్టుకోవాలి, ఒకరు కాలు లాగాలి. పిల్ల ఏడుస్తుంది. ఏడ్చినా ఆపకూడదు.

ఆ సాయంత్రం సత్తమ్మ సాంబయ్య ఇంటి ముందు నిలబడింది. ముత్తయ్య బయటికి వచ్చాడు.

"నువ్వు నా మొఖం సూడకు. బిడ్డ భుజాలు పట్టుకో, సాలు" అంది.

ముత్తయ్య చెప్పులు తొడుక్కుని ఆమె వెనక నడిచాడు.

ఆ పని ఎలాంటిదో చేసినవాళ్లకే తెలుస్తుంది. పిల్ల మొదట బతిమాలేది, తర్వాత అరిచేది, తర్వాత లైన్లలో విన్న బూతులన్నీ తల్లిని తిట్టేది. సత్తమ్మ పళ్లు కరచుకుని కాలు లాగేది. ముత్తయ్య భుజాలు పట్టుకుని కళ్లు మూసుకునేవాడు. అయిపోయాక ముగ్గురూ చెమటలు కక్కుతూ, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పడి ఉండేవాళ్లు. కొన్ని రోజులు మోకాలు వేలెడంత సాగినట్టుండేది. తెల్లారేసరికి మళ్లీ ముడుచుకునేది. సత్తమ్మ ప్రార్థన చెయ్యడానికి కూర్చుంటే మాటలు వచ్చేవి కావు. ఇక నా దగ్గరేం లేదు, అనేది మనసులో. అంతటితో లేచేది.

షెడ్డుకు మళ్లీ పోలేదు. జీవరత్నం రెండుసార్లు వచ్చి గడప బయట నిలబడి ప్రార్థన చేసి పోయాడు. చలికాలం మొదట్లో ఆ దంపతులు ఇంకో ఊరికి వెళ్లిపోయారు. వెళ్లేముందు పుస్తెలతాడు ఎక్కడుందని శంకరవ్వ అడిగితే, అన్నీ కరిగించి కానుకల్లో కలిపేశామని చెప్పారట.

క్రిస్మస్ దాటాక డాక్టరు మోకాలు చూసి, చాలు, ఇంతకంటే రాదు, బూటు చేయించండి, కాపడం, సాచడం మాత్రం ఆపొద్దు అన్నాడు. ఐలవ్వ తన తమ్ముడు బుచ్చిరాములును వెంటబెట్టుకుని వచ్చింది. ముసలివాడు ఊళ్లో చెప్పులు కుట్టే మనిషి. దవాఖాన గోడ మీద వేలాడుతున్న బూటు బొమ్మను గంటసేపు చూశాడు. ఎస్తేరు కాలు నేల మీద ఆనించి బొగ్గుతో గీసుకున్నాడు. కడ్డీలు బాయి వర్క్‌షాపులో కమ్మరి వంచి ఇచ్చాడు. తోలు తొడుగు, పట్టీలు బుచ్చిరాములు కుట్టాడు. తోలు పిల్ల చర్మానికి ఒరుసుకోకుండా లోపల మెత్తటి మేకతోలు వేశాడు. ఆ బూటు తొడిగి, కర్ర ఇచ్చి నిలబెడితే ఎస్తేరు గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి కూలబడింది. లేపితే మళ్లీ వేసింది. కుంటుతుంది. ఎప్పటికీ కుంటుతుంది. ఒక కాలు ఇంకో కాలి కన్నా రెండు వేళ్లు పొట్టి.

ముత్తయ్య ఇంటికి తిరిగివచ్చాడు. ఒకనాడు పొద్దున షిఫ్టుకు పోతూ, కాగితం పొట్లం తెచ్చి సత్తమ్మ ముందు పెట్టాడు. నల్లపూసల దండ. కొత్త పుస్తె.

"కట్టనా?"

సత్తమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది. ఎంతగా కావాలనిపించిందంటే, కళ్ల ముందు మసకలు కమ్మాయి.

"జర ఆగు" అంది. "గిప్పుడు కట్టుకుంటే మల్ల గదే బేరమైతది. అప్పుడు బిడ్డ కాలు కోసం తీసినట్టు, గిప్పుడు నీ పానం కోసం కట్టుకున్నట్టు. నా మెడల ఏమున్నా, ఏం లేకున్నా, గది దేవుని కోపం కాదు, నీ ఆయుష్షు కాదు అని నాకు నమ్మకం రావాలె. వచ్చిననాడు నేనే అడుగుత. గానాడు కట్టుదువు."

"నాకు భయమైతదే."

"నాకు అంతకంటె భయమైతది."

కూత కూసింది. ముత్తయ్య పొట్లం ఆమె చేతిలోంచి తీసుకుని గూట్లో పెట్టాడు. తలగుడ్డ చుట్టుకుని బయటికి నడిచాడు. సత్తమ్మ వాకిట్లో నిలబడి అతను మలుపు తిరిగేదాకా చూసింది. లోపలికి వచ్చి గిన్నెలో అన్నం పెట్టుకుంది. తినకుండానే మూత పెట్టింది. పొద్దంతా చెవులు బాయి వైపే పెట్టుకుని కూర్చుంది.

మధ్యాహ్నం ముత్తయ్య ఎప్పటి వేళకే వచ్చాడు. నీళ్లు పోసుకున్నాడు. తడి తలతోనే వచ్చి పిల్ల భుజాలు పట్టుకున్నాడు. సత్తమ్మ వేడిగుడ్డ పిండి మోకాలి చుట్టూ చుట్టింది.